గోపురం మీద ఎనిమిదో బొమ్మ

ఆ గుడికి నాలుగు దిక్కులా నాలుగు గోపురాలున్నా, చెడ్డపేరు మాత్రం తూర్పు గోపురానికే వచ్చింది. అది కూడా గోపురం మొత్తానికి కాదు. అన్నిటికన్నా పై అంతస్తులో, గుడి లోపలికి తిరిగి ఉన్న పక్క, కిటికీకి కుడివైపున ఉండే ఒకే ఒక్క వరసకి.

ఆ వరసలో ఏడు గచ్చు బొమ్మలు. చామరం పట్టుకున్నవాడు ఒకడు, శంఖం ఊదేవాడు ఒకడు, చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డవాళ్ళు మిగతావాళ్ళు. పగలు ఎవరు ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే.

రాత్రి లెక్కపెడితే ఎనిమిది...

ఎవరు లెక్కపెట్టారని అడక్కండి. అడిగినవాళ్ళకి దొరికే జవాబు ఒకటే. లెక్కపెట్టినవాడు కిందకి దిగి వస్తేగా చెప్పడానికి! మరి దిగి రానివాడి సంగతి మనదాకా ఎలా వచ్చిందని ఆ గుడి పనివాళ్ళలో ఒక్కడికీ అనుమానం రాలేదు. చీకటి పడ్డాక ఆ గోపురం కింద నుంచి వెళ్ళాల్సివస్తే, తల పైకెత్తకుండా, గుటకలు మింగుకుంటూ, పరుగులాంటి నడకతో దాటిపోయేవాళ్ళు.

ఇది సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజుల మాట. గుడికి పెద్ద మరమ్మతు జరుగుతోంది. మరమ్మతు అయ్యేదాకా గర్భగుడిలో దేవుణ్ణి ఉంచరు కదా, పక్కనే బాలాలయమని చిన్న గుడి ఒకటి కట్టి అందులోకి మార్చారు. గర్భగుడి తలుపులు మూసేశారు. ముఖమండపంలో నేల రాళ్ళు పీకి గోడలకి ఆనించారు. బలిపీఠం మీద తాటాకు కప్పారు. నాలుగు గోపురాలకీ కింది నుంచి పైదాకా పరంజా కట్టారు.

పగలంతా సుత్తుల చప్పుడు, సున్నం దంచే చప్పుడు, మేస్త్రీల కేకలు. సాయంత్రమయ్యేసరికి మనుషులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన పెద్ద ఇల్లులా ఉండేది. ఇంటాయన లోపల లేడు, ఇక ఎవడు వచ్చి తిరిగినా అడిగేదెవరు అనుకునేవాళ్ళు పనివాళ్ళు.

తూర్పు గోపురం పని పెద్దమేస్త్రిది. బొమ్మల పనిలో చెయ్యి తిరిగినవాడు. మాట కరుకైనా మనసు వెన్న అని ఆయన భార్య అందరికీ చెప్పేది. మనసు సంగతి మాకు తెలీదు గానీ మాట సంగతి మాత్రం నిజమేనని పనివాళ్ళు చాటున నవ్వుకునేవాళ్ళు.

అసలు విషయం ఏమిటంటే, ఆ ఎనిమిదోవాణ్ణి పుట్టించింది ఈ పెద్దమేస్త్రే.

ఎండాకాలం రాత్రుళ్ళు చల్లగాలి కోసం పనివాళ్ళు గోపురం ఎక్కి పై అంతస్తులో పడుకునేవాళ్ళు. ఒకసారి ఒకడు నిద్రలో దొర్లుకుంటూ అంచుదాకా పోయి, లుంగీ పరంజా కర్రకి తగులుకోబట్టి బతికాడు. ఇంకెప్పుడూ ఎక్కొద్దని మేస్త్రి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. తిట్టాడు, కొట్టబోయాడు. ఎవడూ వినలేదు. చివరికి ఒక సాయంత్రం చేతులు కడుక్కుంటూ, ఏదో మాటవరసకి అన్నట్టు, "సరే పడుకోండి. ఎనిమిదోవాడు ఊరుకుంటే మధ్యలో నాకేం?" అన్నాడు.

ఎనిమిదోవాడెవడని వాళ్ళు అడిగారు. అంతే, కథ నిలబడింది.

గచ్చు పని తెలిసినవాడు కాబట్టి ఆ కథకి ముందు ముతక పూత పూశాడు, అది ఆరాక నున్నటి పూత. వాణ్ణి ముట్టుకోకూడదన్నాడు. వాడున్న చోట మనిషిని పేరు పెట్టి పిలవకూడదన్నాడు. వాడెవడో, అక్కడేం పనో మాత్రం చెప్పలేదు. చెప్పకపోతేనే బాగా భయపడతారని ఆయనకి తెలుసు. మిగతా చిలవలూ పలవలూ పనివాళ్ళే అల్లుకున్నారు. మర్నాటి నుంచి పైన పడుకోవడానికి ఒక్కడూ వెళ్ళలేదు. మేస్త్రి మీసాల్లో నవ్వుకున్నాడు.

ఈ అబద్ధం సంగతి ఆయన కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. చెబితే పక్కింటావిడకి చెబుతుంది, పక్కింటావిడ ఊరంతటికీ చెబుతుంది.

మేస్త్రి భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక అక్క దగ్గరే పెరిగాడు. బావ చేతికింద సున్నం మోసి మోసి, చివరికి ఆ ఏడే తాపీ పట్టుకున్నాడు. ఆ పై వరసలో శంఖం ఊదే బొమ్మ మొత్తంగా వాడు చేసిందే. బుగ్గలు పూరించి, కళ్ళు సగం మూసుకుని శంఖం ఊదుతున్న ఆ ముఖాన్ని వాడు పూటకోసారి వెళ్ళి చూసుకునేవాడు. వాడి మురిపెం చూసి అందరూ ఆటపట్టించేవాళ్ళు.

కొత్తగా పూసిన గచ్చు ఒక్కసారిగా ఆరితే పగుళ్ళు పడుతుంది. అందుకని బొమ్మలన్నిటికీ తల నుంచి కాళ్ళదాకా గోనెపట్టాలు చుట్టి, తాళ్ళు కట్టి, ఆ గోనె ఆరకుండా పూటపూటకీ నీళ్ళు పోస్తుండాలి. దూరం నుంచి చూస్తే మనుషులకి ముసుగులు వేసి వరసగా నిలబెట్టినట్టు ఉండేది. పగలు చూసినా ఒక్కోసారి ఒళ్ళు జలదరించేది.

ఆ రోజు పనికి సెలవు. అంతకుముందు రోజు సాయంత్రం మేస్త్రి బావమరిదిని నలుగురిలో కసిరాడు. గోనె సరిగా తడపడం లేదని, ఆ శంఖం ఊదేవాడి ముఖం మీద వెంట్రుకవాసి పగులు కనబడినా మళ్ళీ సున్నం తట్టలు మోసుకోవాల్సిందేనని అన్నాడు. వాడు తల వంచుకుని విన్నాడు. రాత్రి భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. పొద్దున్నే అక్కతో, అలా బజారుకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి బయటికి వెళ్ళాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ చప్పుడు మొదలైంది.

పనివాళ్ళ రేకుల ఇళ్ళు ప్రాకారం గోడ పక్కనే వరసగా ఉంటాయి. గోపురం వాకిట్లోంచి ముందు సన్నగా... తర్వాత లావుగా... ఒక మూలుగు. మనిషి గొంతు కాదు. రాతిలోంచి వస్తున్నట్టుంది. ఆగింది. మళ్ళీ వచ్చింది.

బయట కూర్చున్నవాళ్ళందరూ బిక్కచచ్చిపోయారు. ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుపోయారు. మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పెద్దమేస్త్రి ఇంటి ముందుకొచ్చి చేరారు. ఎనిమిదోవాడు ఇన్నాళ్ళూ కనబడేవాడే గానీ ఎప్పుడూ నోరెత్తలేదే, ఇవాళేమిటి ఇలా అని ఒకటే గోల.

మేస్త్రికి లోపల నవ్వొచ్చింది. గాలి ఎక్కువగా ఉంది, గోపురం లోపలంతా డొల్ల, అంతస్తుకి రెండు కిటికీలు, ఊదదా మరి అనుకున్నాడు. ఆ మాట పైకి అంటే బాగుండేది. అనలేదు. ముఖం గంభీరంగా పెట్టి, "చెప్పానా లేదా? అటువైపు ఎవరూ పోకండి," అన్నాడు. అందరూ తలలూపి ఇళ్ళకి పోయి తలుపులు వేసుకున్నారు. మేస్త్రి నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళి, కంచం ముందు కూర్చున్నాడు.

మూలుగు ఇంకాసేపు వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

భోజనాలయ్యాయి. బావమరిది రాలేదు. ఊళ్ళోంచి రావాల్సిన ఆఖరి బస్సు వచ్చి పోయింది, అందులోనూ లేడు. మేస్త్రి భార్య గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతోంది. స్నేహితులెవరి దగ్గరో ఆగిపోయి ఉంటాడని మేస్త్రి సర్దిచెప్పాడు. ఆయనకీ లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది, నలుగురిలో అనకుండా ఉండాల్సింది అని.

అప్పుడొచ్చాడు గుడి కాపలా ముసలాయన. చేతిలో ఒక జత చెప్పులు.

గోపురం వాకిట్లో, లోపలి మెట్లకి వెళ్ళే చిన్న తలుపు పక్కన ఉన్నాయట. గస్తీ తిరుగుతూ చూశానన్నాడు. మీ ఇంటివేనేమో అని తెచ్చానన్నాడు.

మేస్త్రి భార్య వాటిని చూసింది. వాడివే. గోపురం ఎక్కేటప్పుడు చెప్పులు విడిచి ఎక్కుతారు పనివాళ్ళు.

మేస్త్రికి అప్పుడు అర్థమైంది. బజారూ లేదు, స్నేహితులూ లేరు. వీడు పొద్దున్నే బొమ్మ తడపడానికి పైకి వెళ్ళాడు. వెళ్ళి దిగలేదు. ఆ మూలుగు...

ఆవిడ భర్త ముఖంలోకి చూసింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"అది మా తమ్ముడి గొంతా? అది విని నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నానండీ..."

మేస్త్రి వీధిలో పడి ఇంటింటి తలుపూ తట్టాడు. రండి, నలుగురం వెళ్దాం, మా బావమరిది పైన చిక్కుకుపోయాడు అన్నాడు. తలుపులు సందు మాత్రం తెరుచుకున్నాయి. ఎవ్వరూ గడప దాటలేదు. పొద్దున్నే వెళ్దాం మేస్త్రీ అన్నారు. ఎనిమిదోవాడు అరుస్తున్నది వినీ ఇప్పుడు పైకెక్కమంటావా అన్నారు.

ఇక దాచి లాభం లేదని మేస్త్రి నడివీధిలో నిలబడి నిజం చెప్పేశాడు. ఎనిమిదోవాడూ లేడు, ఎవడూ లేడు, మీరు పైన పడుకోకుండా నేనే కల్పించాను, అంతా అబద్ధం అని ఒట్టేసి చెప్పాడు.

ఒక్కళ్ళూ నమ్మలేదు.

మనల్ని పైకి తోడు తీసుకెళ్ళడానికి ఇలా అంటున్నాడులే అనుకున్నారు. పాపం, బావమరిది మీద బెంగతో మతి చెడిందని ఒకావిడ చాటుగా అంది. కాపలా ముసలాయనైతే మేస్త్రిని జాలిగా చూశాడు.

"నువ్వు కల్పించడమేంటయ్యా? నువ్వు ఈ గుడికొచ్చి ఎన్నాళ్ళైందని? మా నాన్న ఇక్కడే కాపలా కాశాడు. నా చిన్నప్పుడే చెప్పేవాడు ఎనిమిదోవాడి గురించి."

ముసలాయన కోతలు కోస్తున్నాడనుకున్నాడు మేస్త్రి. నా కథ విని విని సొంతం చేసుకున్నాడనుకున్నాడు. టార్చి, ఒక చుట్ట తాడు తీసుకుని ఒంటరిగా బయల్దేరాడు. గోపురం వాకిలిదాకా భార్య వెంట వచ్చింది. అక్కడ ఆమెని నిలబడమని చెప్పి, తల వంచి ఆ చిన్న తలుపులోంచి లోపలికి దూరాడు.

మొదటి అంతస్తుదాకా రాతి మెట్లు. అక్కణ్ణుంచి చెక్క నిచ్చెనలు. లోపలంతా గబ్బిలాల కంపు, పచ్చి సున్నం వాసన. పగలు వందసార్లు ఎక్కిన నిచ్చెనలే. అయినా ఒక్కో మెట్టూ కొత్తగా ఉంది. కాలు పెడితే కిర్రుమంటోంది. కాలు తీశాక... ఇంకోసారి కిర్రుమంటోంది.

చెక్క కదా, బరువు తీస్తే చప్పుడవుతుంది అనుకున్నాడు. పైకే అనుకున్నాడు, తన గొంతు తనకి తోడుగా ఉంటుందని.

రెండో అంతస్తులో ఆగి, పైకి చూసి, "ఒరేయ్..." అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆ పిలుపు డొల్లలో తిరిగి, గోడలకి కొట్టుకుని, కిందకి దిగి వాకిట్లోంచి మూలుగులా బయటికి పోయింది. వాడు సాయంత్రం ఎంత స్పష్టంగా పిలిచినా కింద మాకు వినిపించింది ఇదన్నమాట. వాడు పిలుస్తున్నాడు... నేను కంచం ముందు నవ్వుకుంటున్నాను.

ఏదో మెత్తగా ముఖానికి తగిలి పోయింది. గబ్బిలమే. గబ్బిలమేనా?

పైకి పోయేకొద్దీ నిచ్చెనలు ఇరుకయ్యాయి. టార్చి వెలుగు పచ్చబడింది. కింది నుంచి ఎవరో తనతో పాటే ఎక్కుతున్నట్టు, తను ఆగితే ఆగుతున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే బాగుండేది. చూడలేదు. ఏడాదిగా పనివాళ్ళకి తాను చెప్పిన ఒక్కో మాటా ఇప్పుడు తన చెవిలోనే ఎవరో చెబుతున్నారు. ముట్టుకోకూడదు. పేరు పెట్టి పిలవకూడదు.

నువ్వు కట్టిన కథకి నువ్వే భయపడతావేంటిరా అని తనని తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటే భయం కాస్త తగ్గుతుందనుకున్నాడు గానీ తగ్గలేదు.

పై అంతస్తు చేరాడు. గుడి వైపు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

సగం చందమామ ఉంది. కింద గుడి మొత్తం కనబడుతోంది. దేవాలయం అంటే వెల్లకిలా పడుకున్న మనిషి అని ఆయన గురువు చెప్పేవాడు. గోపురం పాదాలు, మండపం పొట్ట, గర్భగుడి తల. పగలు ఎన్నడూ అలా కనబడలేదు. ఇప్పుడు కనబడింది. గుడ్డ కప్పిన ధ్వజస్తంభం, రాళ్ళు పీకిన మండపం, తలుపులు మూసిన గర్భగుడి... నిండా ముసుగు పెట్టుకుని పడుకున్నాడు ఎవరో. తను ఆయన కాలివేలి మీద నిలబడి ఉన్నాడు. మేస్త్రి చూపు తిప్పేసుకున్నాడు.

కిటికీకి కుడివైపు వరస. గోనె ముసుగులు.

కిటికీ దాటి అంచు మీదకి అడుగుపెట్టాడు. అరికాలికి తడి తగిలింది. అంచు మూరెడు వెడల్పు ఉంటే ఎక్కువ. పరంజా కర్రనీ టార్చినీ ఒకే చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి బొమ్మల మీద వేసుకుంటూ పక్కపక్కకి జరగాలి. మొదటి బొమ్మ మీద చెయ్యి వేశాడు. గోనె తడిగా ఉంది, చల్లగా ఉంది. వీడే తడిపి ఉంటాడనుకున్నాడు. ఆ ఆలోచన ధైర్యాన్నిచ్చింది.

చేసినవాడి చేతికి కళ్ళుంటాయి. గోనె పైనుంచే తెలుస్తోంది. ఇది చామరం పట్టినవాడి మోచెయ్యి. ఇది చేతులు కట్టుకున్నవాడి భుజం. ఇది వాడి పక్కవాడిది. చల్లగా ఉంది. చల్లగా ఉంది. చల్లగా ఉంది.

తర్వాతి బొమ్మ కోసం చెయ్యి చాపాడు. భుజం ఉండాల్సిన ఎత్తులో ఏమీ లేదు.

టార్చి కిందకి తిప్పాడు. ఒక్క క్షణం కనబడింది. రెండు బొమ్మల మధ్య సందులో ఇంకో గోనె ముసుగు. పొట్టిగా. గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది.

ఆ వరసలో కూర్చున్న బొమ్మ లేదు. చేసినవాడికి తెలియదా?

టార్చి ఆరిపోయింది.

మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి జరగాలని ఉంది, ఒళ్ళు కదలడం లేదు. పరంజా కర్రని రెండు చేతులా కౌగిలించుకుని అలాగే నిలబడిపోయాడు. ఎంతసేపో తెలియదు.

కింద వాకిట్లో గాజుల చప్పుడయింది. భార్య అక్కడే నిలబడి ఉంది. వాణ్ణి తీసుకురాకుండా దిగితే ఆవిడ ముఖం ఎలా చూడాలి?

మేస్త్రి వంగాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. గోనె చేతికి తగిలింది.

వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. లాక్కోలేకపోయాడు. ముసుగులోంచి ఐదు వేళ్ళు వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాయి.

"బావా..." అంది లోపలి నుంచి ఒక గొంతు, పెదాల చివరి నుంచి గాలి వచ్చినట్టు. "నా బొమ్మ ముఖం పగల్లేదు కదా?"

మేస్త్రి అక్కడే, ఆ మూరెడు అంచు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పగల్లేదురా, నీ బొమ్మకేం కాలేదురా అని వాడి తల పట్టుకుని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆ బొమ్మని ఆయన ఇంకా చూడనే లేదు.

వాడు మధ్యాహ్నం గోనెలు తడుపుతుంటే కాలు జారిందట. అంచుకీ పరంజాకీ మధ్య సందులో కాలు ఇరుక్కుని ఎముక విరిగింది. ఎలాగో పైకి లాక్కుని, గోడకి జారబడి, ఎండకి తాళలేక పక్కనున్న తడి గోనె కప్పుకున్నాడు. అరిచాడు. సెలవు రోజు మధ్యాహ్నం కింద ఎవరున్నారు? సాయంత్రం జనం కనబడ్డాక ఓపికంతా కూడగట్టుకుని మళ్ళీ అరిచాడు. ఎందుకు ఎవ్వరూ పైకి చూడలేదో, ఎందుకు అందరూ ఒక్కసారిగా ఇళ్ళలోకి పరుగెత్తారో వాడికి అర్థం కాలేదట. ఆ మాట వింటుంటే మేస్త్రికి తల నేలలో పెట్టుకోవాలనిపించింది.

వాణ్ణి గోనెతో సహా వీపుకి కట్టుకుని, ఒక్కో నిచ్చెనా తడుముకుంటూ దిగాడు. ఈలోగా కాస్త ధైర్యం చేసి ఇద్దరు ముగ్గురు వాకిలిదాకా వచ్చారట. చిన్న తలుపులోంచి రెండు తలల గోనె మూట ఒకటి వంగుతూ బయటికి రావడం చూసి, చెప్పులు కూడా వదిలేసి పారిపోయారు. మేస్త్రి భార్య మాత్రం నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. ఆ ముసుగు కింద ఎవరున్నారో చూడకముందే, వేలాడుతున్న పాదాన్ని పట్టుకుని చెంపకి ఆనించుకుంది.

ఆసుపత్రిలో కట్టు కట్టారు. తెల్లారేదాకా ఆగితే కాలు కాదు, ప్రాణమే పోయేదన్నారు. మేస్త్రి ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎనిమిదోవాడు తన అబద్ధమేనని ఇంకా ఒకరిద్దరికి చెప్పి చూశాడు. వాళ్ళు ఎప్పట్లాగే జాలిగా చూశారు.

కొన్నాళ్ళకి వాడు మంచం మీద లేచి కూర్చునేదాకా వచ్చాడు. ఒక సాయంత్రం అక్క వాడి కాళ్ళ దగ్గర కూర్చుని దుప్పటి సర్దుతోంది. మేస్త్రి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇంట్లో చాలా రోజుల తర్వాత నెమ్మదిగా, హాయిగా ఉంది.

"బావా, ఒకటడుగుతా. కోప్పడకు," అన్నాడు వాడు.

అడగమన్నాడు మేస్త్రి.

"మొదటిసారి వచ్చినప్పుడే నన్నెందుకు దింపలేదు?"

మేస్త్రికి అర్థం కాలేదు. వాడే చెప్పాడు, కళ్ళు సగం మూసుకుని, గుర్తుతెచ్చుకుంటున్నట్టు. తలకి గుడ్డ చుట్టుకుని, ముంత పట్టుకుని వచ్చావు కదా. చివరి నుంచి మొదలుపెట్టి ఒక్కో గోనె తడుపుకుంటూ వచ్చావు. నా దగ్గరికొచ్చి గడ్డం కింద చెయ్యి పెట్టి నోట్లో నీళ్ళు పోశావు. ఆ నీళ్ళే లేకపోతే నువ్వు మళ్ళీ వచ్చేదాకా ఉండేవాణ్ణి కాదు బావా. చెయ్యి మాత్రం ఎంత చల్లగా ఉందో. బావా అన్నాను, పలకలేదు. ఇంకా కోపంగా ఉన్నావనుకున్నాను.

"ఎప్పుడది?" అని అడిగింది మేస్త్రి కాదు, వాళ్ళక్క.

"దీపాలు పెట్టాక. కింద మనింటి ముందు అందరూ గుమిగూడి ఉన్నారు చూడు, అప్పుడు. పైకి కనబడుతూనే ఉంది."

ఆవిడ భర్త వైపు తిరిగింది. ఆ గుంపు మధ్యలో, అటువైపు ఎవరూ పోకండని ఆయన చెబుతున్నప్పుడు పక్కన ఉన్నది ఆవిడే.

మేస్త్రి ముఖాన నెత్తురు చుక్క లేదు. వాడి వైపు చూడకుండానే, "తాడు కోసం దిగానురా," అన్నాడు.

వాడు సరేనన్నట్టు తలూపాడు. అక్క ఏదో అడగబోయి, తమ్ముడి కట్టు వైపు చూసి, మానుకుంది. వాడికి నిద్ర ముంచుకొస్తోంది. అయినా ఇంకో సందేహం మిగిలినట్టుంది.

"అది సరే... పోతూ పోతూ అలా అన్నావేం మరి?"

"ఏమన్నాను?"

"నీళ్ళు పోశాక నా పక్కన కూర్చున్నావు కదా. కూర్చుని, 'కాస్త జరుగు, ఇది నా చోటు' అన్నావు."

మేస్త్రి తనకి తెలియకుండానే, కూర్చున్న చోటి నుంచి కాస్త పక్కకి జరిగాడు.